‘జింగాలాలా’ ఆపేస్తే నవ్వూ ఆగిపోతుందా?

ప్రశ్న: అక్కా, మాది చింతూరు దగ్గర ఒక కోయ గూడెం. నాకు 25 ఏళ్లు. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ వచ్చి ఒక కాల్ సెంటర్‌లో నైట్ షిఫ్ట్ చేస్తున్నాను. ఏడాదిగా స్టాండప్ కామెడీ ఓపెన్ మైక్‌లకు (ఎవరైనా స్టేజీ ఎక్కి కాసేపు జోకులు చెప్పే షోలు) వెళ్తున్నాను, 30 దాకా చేసుంటాను. స్టేజీ మీద నేను చెప్పే సెట్‌లో బాగా పేలేది ఒక్కటే, పాత సినిమాల్లో అడవి మనుషుల్లా ‘జింగాలాలా హుర్’ అని ఎగిరే ముక్క. అది తీసేస్తే హాలు చల్లబడిపోతుంది. చేస్తే రూమ్‌కి వచ్చాక నిద్ర పట్టదు. ‘మా ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదని చట్టం ఉంది, అందుకే ఎవరూ కొనలేదు, ఊరికే తీసుకున్నారు’ అని ఒక జోక్ రాశాను, ఒక్కరూ నవ్వలేదు. హోస్ట్ నన్ను ప్రతిసారీ ‘డైరెక్ట్‌గా అడవి నుంచి’ అని పిలుస్తాడు. మొన్న కింద నుంచి ఒకడు ‘ఇక్కడ కూడా కోటానేనా’ అని అరిచాడు. నాన్న గ్రూప్ 2 చదవమంటున్నాడు. నేను చేసేది చెప్తే మా నాయనమ్మ ‘నవ్వడానికి టికెట్ కొంటారా? వాళ్లకి బావలు లేరా?’ అంది. మా ఇల్లు కదలకుండానే 2014లో రాష్ట్రం మారింది, 2022లో జిల్లా మారింది, ఇప్పుడు పోలవరం నీళ్లొస్తాయి మమ్మల్నే కదలమంటున్నారు, ఇంట్లో ఆ టెన్షన్ ఒకటి. ఆదివాసీ కమెడియన్‌గా ఇది కెరీర్ అవుతుందా? (పేరు వేయొద్దు.)

సమాధానం: తమ్ముడూ, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు జోకులని చెప్పి రాసినవాటి కంటే, బాధ చెప్పుకుంటూ మధ్యలో పడేసిన రెండు మాటలు నన్ను పట్టుకున్నాయి. ఒకటి మీ నాయనమ్మ మాట. రెండోది ఇల్లు కదలకుండా రాష్ట్రం మారిన సంగతి. ఈ రెండూ నీ సెట్‌లో లేవు కదా? ఉండుంటే రాసేవాడివి. ముందు అక్కణ్ణుంచి మాట్లాడతాను, మిగతావన్నీ దాని తర్వాతే.

జింగాలాలా తీసేయ్. వచ్చే నెల కాదు, ఈ వారమే. ఆ ముక్క చేస్తే నిద్ర పట్టడం లేదన్నావు, అదొక్కటే సరిపోతుంది కారణానికి. కానీ ఇంకో కారణం కూడా ఉంది, అది వృత్తికి సంబంధించింది. ఆ నవ్వు నీది కాదు. సినిమావాళ్లు ఎప్పుడో తయారుచేసి జనం బుర్రలో పెట్టిన బొమ్మను నువ్వు ఒకసారి గుర్తు చేస్తున్నావు, వాళ్లు ఆ బొమ్మను చూసి నవ్వుతున్నారు. అదే ముక్క ఆ లైనప్‌లో ఇంకెవరు చేసినా అంతే నవ్వొస్తుంది. ఎవరు చేసినా వచ్చే నవ్వు మీద కెరీర్ నిలబడదు. నిన్నే పిలవాలని ఎవరికైనా అనిపించాలంటే, నువ్వు మాత్రమే చెప్పగలిగింది నీ దగ్గర ఉండాలి.

తీసేస్తే హాలు చల్లబడుతుంది. నిజమే, రెండు మూడు నెలలు చల్లబడుతుంది, ఓర్చుకో. ఆ ఐదు నిమిషాల నిశ్శబ్దం ఎంత బరువుగా ఉంటుందో నాకు తెలుసు. నేను కొన్నేళ్లు తెలుగు ఓపెన్ మైక్‌లకు హోస్ట్‌గా చేశాను, చాలామంది పిల్లలు ఒక్క నవ్వూ రాక బాంబ్ అయ్యి దిగిపోవడం దగ్గర నుంచి చూశాను. మళ్లీ వచ్చినవాళ్లే మిగిలారు.

అమెరికాలో చార్లీ హిల్ అని ఒకాయన ఉండేవాడు, 1951లో పుట్టి 2013లో పోయాడు. ఒనైడా తెగ మనిషి. ఆ తెగవాళ్లు ఒకప్పుడు న్యూయార్క్ ప్రాంతంలో ఉండేవాళ్లు, 1820ల తర్వాత భూమి పోగొట్టుకుని విస్కాన్సిన్‌కి నెట్టబడ్డారు. ఈయన స్టేజీ ఎక్కి చాలా మామూలుగా చెప్పేవాడు, మావాళ్లది విస్కాన్సిన్, అంతకుముందు న్యూయార్క్, మధ్యలో చిన్న స్థిరాస్తి సమస్య వచ్చిందని. అంతే జోక్. రెండు వందల ఏళ్ల దుఃఖం అందులో ఉంది, కానీ ఆయన గొంతు ఇల్లు మారిన అద్దెవాడి గొంతులా ఉండేది. ఇప్పుడు నీ ఉత్తరంలో వాక్యం మళ్లీ చదువుకో. ‘మా ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారింది.’ ఆయనది ఊరు కదిలిన కథ, మీది రాష్ట్రం కదిలిన కథ. దీని కోసం నువ్వు ఏమీ కల్పించక్కర్లేదు. ఖమ్మం జిల్లాలో పడుకుని తూర్పు గోదావరిలో లేచారు, తర్వాత అల్లూరి జిల్లాలో లేచారు, మంచం అదే. ఆధార్‌లో అడ్రస్ మార్చుకోవడానికి మీసేవకు పోతే ‘ఇల్లు ఎప్పుడు మారారు?’ అని అడిగితే ఏం చెప్పారు మీ వాళ్లు? నాకు తెలియదు, నీకు తెలుస్తుంది. అక్కడ 10 నిమిషాల సెట్ ఉంది.

చార్లీ హిల్ చిన్నప్పుడు టీవీలో డిక్ గ్రెగరీ అనే నల్లజాతి కమెడియన్‌ను చూసి ఈ దారి పట్టాడు. లాస్ ఏంజెలెస్ వెళ్లి క్లబ్బుల్లో చేశాడు, 1977లో రిచర్డ్ ప్రయర్ టీవీ షోలో కనిపించాడు, మరుసటి ఏడాది ‘టునైట్ షో’కి వెళ్లాడు. అంత పెద్ద వేదిక ఎక్కిన మొదటి ఆదివాసీ కమెడియన్‌గా ఆయన్ను చెప్పుకుంటారు. ఈకలు పెట్టుకుని వంకర భాష మాట్లాడే మూస వేషాలు ఆయన వద్దన్నాడు. దానివల్ల అవకాశాలు తగ్గాయి కూడా, ఆ విషయం నీకు దాచను. తనతో పాటు ఆ క్లబ్బుల్లో మొదలుపెట్టిన కొందరంత పెద్ద స్టార్ కాలేదు. కానీ ఆయన తర్వాత వచ్చిన అక్కడి ఆదివాసీ కమెడియన్లు ఆయన పేరు చెప్పుకునే స్టేజీ ఎక్కుతారు. మూస వేషం వేసిన వాళ్ల పేర్లు ఎవరికీ గుర్తు లేవు.

సరే, పని సంగతికి వద్దాం. నీ 1/70 జోక్, అదే ఆ భూమి చట్టం జోక్, మంచి జోక్, చెడిపోయింది దాని ముందు మెట్టు దగ్గర. హైదరాబాద్‌లో టికెట్ కొని వచ్చిన పిల్లకి 1970 నాటి రెగ్యులేషన్ గురించి తెలీదు. ఏజెన్సీలో గిరిజనేతరులు గిరిజనుల దగ్గరే కాదు, ఇంకో గిరిజనేతరుడి దగ్గర కూడా భూమి కొనలేరని తెలీదు. అది తెలియకుండా ‘ఊరికే తీసుకున్నారు’ అనేది పంచ్ కాదు, సమాచారం. మరి వాళ్లకేం తెలుసు? ప్లాటు తెలుసు. డబుల్ రిజిస్ట్రేషన్ భయం తెలుసు. లింక్ డాక్యుమెంట్లు, లాయర్ ఒపీనియన్, బ్యాంక్ లోన్, ఇవన్నీ ఆ హాల్లో ప్రతి ఇంట్లోనూ నలిగిన మాటలు. అక్కణ్ణుంచి మొదలుపెట్టు. మీరు గజం భూమి కోసం ఎన్ని కాగితాలు చూస్తారో చెప్పి నవ్వించి, అప్పుడు ‘మా వైపు ఇంత గొడవ లేదు, బయటివాళ్లు భూమి కొనడమే చట్టం ఒప్పుకోదు’ అను. ఒక్క క్షణం ఆగు. మీ భూములు భద్రంగా ఉన్నాయనుకోనీ వాళ్లను. ‘అందుకని ఎవరూ కొనలేదు.’ మళ్లీ ఆగు. ‘ఊరికే తీసుకున్నారు.’ చట్టం పేరు, నంబరు అసలు చెప్పకు. నంబరు ఊళ్లో చెప్పు, అక్కడ అదే చాలు, 1/70 అనగానే నవ్వడం మొదలుపెడతారు.

మన భాషలో ఒక సుఖం ఉంది, క్రియ చివర వస్తుంది. అసలు మాటను వాక్యం చివరిదాకా దాచుకోవచ్చు. కానీ దాని వెనకే ఒక గొయ్యి కూడా ఉంది. మీ నాయనమ్మ మాట నువ్వెలా రాశావో చూడు, ‘వాళ్లకి బావలు లేరా?’ అంది అని. ఆ ‘అంది’ స్టేజీ మీద నవ్వును మింగేస్తుంది. జనం నవ్వబోయే చోట నువ్వింకా మాట్లాడుతుంటావు. ఎవరన్నారో ముందే చెప్పేయ్. మా నాయనమ్మకు చెప్పాను, హైదరాబాద్‌లో టికెట్ కొని వచ్చి కూర్చుంటారు, నేను నవ్విస్తాను అని. ఆమె చాలాసేపు ఆలోచించి అడిగింది, ‘వాళ్లకి బావలు లేరా?’ ఇక నోరు మూసుకో. నవ్వు పూర్తిగా రానీ.

ఆ మాట ఎందుకంత బలమైందంటే, అందులో చూపు మారిపోయింది. ఇన్నాళ్లూ నువ్వు స్టేజీ మీద వింతవస్తువులా నిలబడ్డావు, వాళ్లు చూశారు. నాయనమ్మ ఆ హాలును చూస్తోంది ఇప్పుడు, ఊళ్లో బావా మరదళ్లు ఉచితంగా ఆడుకునే వేళాకోళం కోసం డబ్బులు కట్టి క్యూలో నిలబడ్డ నగరాన్ని చూసి పాపం అనుకుంటోంది. నీ సెట్ మొత్తానికి ఆ కళ్లే కావాలి. మెట్రో గేటు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు, నీళ్ల ట్యాంకర్ కోసం తగాదా, రూమ్ అద్దెకు అడిగితే ‘మీరేమిట్లు?’ అనే ఓనరు, వీటన్నిటి మీదా మీ గూడెం ఏమంటుందో చెప్పు. ఆదివాసీ కమెడియన్ అంటే రోజూ ఆదివాసీల గురించే చెప్పాలని ఎవరన్నారు?

అలాగని ఊరి సంగతులు వదలమనడం లేదు. ఒక పరీక్ష పెట్టుకో, మీ వాళ్ల ముందు చెప్పలేని ముక్క ఇక్కడా చెప్పకు. వాళ్లు నవ్వాకే ఇక్కడికి తీసుకురా. ఇలవేల్పుల జోలికి, సమ్మక్క సారలమ్మ జోలికి వెళ్లేముందు పెద్దవాళ్లను అడుగు, వాళ్లకి నీకంటే ఎక్కువ హాస్యం ఉండొచ్చు, ఏది అనొచ్చో వాళ్లే చెప్తారు. ఇంకో మాట, నీకిది నచ్చకపోవచ్చు. మన కింద ఇంకొకరిని పెట్టుకుని నవ్వడం చాలా సులువు. కొండరెడ్ల మీదా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గుత్తికోయల మీదా మీ వైపు చెప్పుకునే జోకులు నేనూ విన్నాను. అవి కూడా జింగాలాలాయే. బావా మరదళ్ల సరసం అనగానే ఆడపిల్లల మీదికి జారిపోవడం కూడా అంతే, మరదలు తిరిగి ఏమందో అది చెప్పు, సాధారణంగా ఆమె మాటే పదునుగా ఉంటుంది.

భాష సంగతి అడగలేదు గానీ చెప్తాను. 2011 జనాభా లెక్కల్లో కోయ మాట్లాడేవాళ్లు 4 లక్షల పైచిలుకు. అంతమంది ఉన్న భాషలో సరదాగా రెండు నిమిషాల వీడియోలు చేసేవాడికి ఫోన్లో జనం ఉంటారు. హైదరాబాద్ సెట్ తెలుగులో, మీ ఊరి యాసతోనే చేయి, న్యూస్ రీడర్ తెలుగు వద్దు. నాయనమ్మ మాటను మాత్రం ముందు కోయలోనే అను, జనం ముఖాలు చూస్తూ ఒక సెకను ఉంచి, తర్వాత తెలుగులో చెప్పు. అర్థంకాని ఆ ఒక్క సెకనులో వాళ్లు నీ ఇంటికి వచ్చినట్టుంటుంది, నువ్వు వాళ్లింటికి వెళ్లినట్టు కాదు.

ఇప్పుడు హోస్ట్. ఇది రాయడానికి కష్టంగా ఉంది. నేను హోస్ట్‌గా చేసిన మొదటి రోజుల్లో ఒక తండా కుర్రాణ్ని అలాంటి మాటలతోనే పిలిచాను, ప్రేమగానే అన్నాననుకున్నాను. అతను మైకు దగ్గరికి వచ్చి మొదటి నిమిషమంతా నా మాటను సర్దుకోవడానికే ఖర్చు పెట్టాడు. మళ్లీ రాలేదు. అప్పుడు ఎవరూ నాతో ఏమీ అనలేదు, అనాల్సింది. కాబట్టి నువ్వు అను. షో మొదలయ్యేముందు పక్కకు పిలిచి, ‘అన్నా, నన్నిలా పిలువు’ అని రెండు లైన్లు చీటీ మీద రాసివ్వు. పేరు, ఊరు, అంతే. చాలామంది హోస్ట్‌లు ఆ చీటీనే చదువుతారు, వాళ్లకీ పని తగ్గుతుంది. ఇచ్చినా మళ్లీ అదే అంటే ఆ రూమ్‌కి వెళ్లకు, లామకాన్ లాంటి సాంస్కృతిక వేదికలు ఉన్నాయి, ఇంకా చిన్న కేఫ్‌లూ ఉన్నాయి.

కోటా అని అరిచినవాడికి అప్పటికప్పుడు జవాబు వెతుక్కోకు. ఆ అరుపు మళ్లీ వస్తుంది, అందుకని ముందే మూడు జవాబులు రాసి జేబులో పెట్టుకో. కోపంగా ఉన్నది వద్దు, గొంతు వణుకుతుంది, హాలు అతని వైపు వెళ్లిపోతుంది. ఉదాహరణకి, ‘అవునన్నా, ఈ స్టేజీ మీద ఇన్నేళ్లుగా 100 శాతం కోటా మీదే, ఇవాళ ఐదు నిమిషాలు నాకిచ్చారు’ అనొచ్చు. ఇది నాది, నువ్వు నీది రాసుకో. జోక్ దాటి ఎవడైనా నలుగురి ముందు తెగ పేరుతో కావాలని అవమానిస్తే అది వేరే సంగతి, 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఆ అడుగు వేయాలా వద్దా అనేది నీ ఇష్టం, కానీ ప్రతి సెట్‌నూ ఫోన్‌లో రికార్డ్ చేసే అలవాటు అప్పుడూ పనికొస్తుంది, మిగతా రోజుల్లో ఎక్కడ నవ్వారో ఎక్కడ దగ్గారో వినడానికీ పనికొస్తుంది. నువ్వూ ఒక జాగ్రత్త తీసుకో. భూమి జోకులో మీ ఊరి ఆసామి పేరు పెట్టకు. నువ్వు ఇక్కడుంటావు, వీడియో అక్కడికి చేరుతుంది, నాన్న అక్కడ ఉంటాడు.

ఒంటరిగా అయ్యే పని కాదిది. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ కామెడీ ఫెస్టివల్ వాళ్లు 2007 నుంచి ‘డెడ్లీ ఫన్నీ’ అని అక్కడి ఆదివాసీల కోసమే ఒక పోటీ నడుపుతున్నారు. వాళ్ల వాడుకలో డెడ్లీ అంటే అదిరిపోయింది అని. మెల్‌బోర్న్ వచ్చి నిరూపించుకో అనరు, వాళ్లే ఊళ్లకు వెళ్తారు, అనుభవం ఉన్నవాళ్లు వర్క్‌షాప్ పెడతారు, అక్కడ గెలిచినవాళ్లను ఫైనల్స్‌కు తీసుకొస్తారు. 2014లో గెలిచిన స్టెఫ్ టిస్‌డెల్ ఇవాళ అక్కడ పేరున్న కమెడియన్. ఇక్కడ మనకి ఆ నిచ్చెన లేదు, నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. మన దేశంలో దళిత కమెడియన్లు కొందరు ‘బ్లూ మెటీరియల్’ అని ఒక బృందంగా కలిసి షోలు చేశారు, అందులో మంజీత్ సర్కార్ బస్తర్‌లో పెరిగినవాడే, అంటే మీ చింతూరు పక్క అడవే. వాళ్ల వీడియోలు చూడు, మెసేజ్ పెట్టు.

నువ్వూ నలుగురిని వెతుకు. సిటీలో ఎస్టీ హాస్టళ్లు ఉన్నాయి, యూనివర్సిటీల్లో ఆదివాసీ విద్యార్థి సంఘాలు ఉన్నాయి, ఆదివారం సాయంత్రం ఒక గది, 20 మంది పిల్లలు చాలు, నువ్వు కొత్త ముక్కలు చెప్పుకోవడానికి. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి ఏజెన్సీ అంతా సభలే, ఐటీడీఏలు (ప్రభుత్వ గిరిజనాభివృద్ధి సంస్థలు) కూడా చేస్తాయి. ఉపన్యాసాలు, డాన్సులు ఉంటాయి, నవ్వించేవాడు మాత్రం ఉండడు. ముందే అడిగి 10 నిమిషాలు తీసుకో. మనవాళ్లే కదా అని ఊరికే వెళ్లకు, బస్ చార్జీ, భోజనం, ఇంకో రూపాయి అడుగు. డోలి వాయిస్తూ కోయల వంశగాథలు పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, అయినా అలాంటి కళాకారులు ఎంత ఇబ్బందులతో బతికారో మీ వైపు అందరికీ తెలిసిందే. డబ్బు అడగడంలో తప్పేం లేదు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి, ఉద్యోగం మానకు. ఓపెన్ మైక్‌లో రూపాయి రాదు, ఒక్కోచోట మనమే కట్టాలి. డబ్బులు ముఖ్యంగా కంపెనీల షోలలో ఉంటాయి, వాళ్లు పిలవాలంటే ఎవరినీ నొప్పించని 20 నిమిషాలు అడుగుతారు, దానికి ఇంకా రెండు మూడేళ్లు పడుతుంది. నైట్ షిఫ్ట్ మాత్రం మార్చుకోవడానికి ప్రయత్నించు, మైకులన్నీ సాయంత్రాలే కదా. స్టేజీ మీద సంపాదించింది వరుసగా ఏడాదిపాటు నీ అద్దె కట్టగలిగినప్పుడు మళ్లీ నాకు రాయి, అప్పుడు మాట్లాడుకుందాం. నాన్నతో గొడవ పెట్టుకోకు. ముంపు భయంతో ఉన్న ఇంట్లో ఒక ప్రభుత్వ జీతం అంటే ఏమిటో ఆయనకు తెలుసు, అది భయం కాదు లెక్క. ఎస్టీలకు వయసులో 5 ఏళ్ల సడలింపు కూడా ఉంది కాబట్టి ఆ తలుపు ఇప్పట్లో మూసుకోదు. గ్రూప్ 2 రాసినా కమెడియన్‌వి కాకుండా పోవు, నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసే కుర్రాళ్లు ఈ రాష్ట్రాల్లో ఎంతమంది ఉన్నారో, నీ హాల్లో సగం మంది వాళ్లే.

ఈసారి ఊరు వెళ్లినప్పుడు రాత్రి అన్నాలయ్యాక ఆ రెండు ముక్కలు, రాష్ట్రం మారిందీ, బావల మాటా, కోయలో నాయనమ్మకు వినిపించు. తన మాట స్టేజీ మీద చెప్పొచ్చా అని అడుగు. ఆమె ఎక్కడ నవ్విందో, ఎక్కడ ‘అలా కాదురా’ అని అడ్డుపడి తను చెప్పిందో రాసి పంపించు.